నెలవారీ ఫీజుకు ఆటోపే: మూడేళ్ల వాడకం తర్వాత

ఒకటో తేదీ వస్తుందంటే నాకు గుండెలో రాయి పడేది. "నమస్తే అండీ, ఈ నెల ఫీజు..." అని టైపు చేయడం, చెరిపేయడం, మళ్లీ టైపు చేయడం. విజయవాడలో మా ఇంటి నుంచే ఆడవాళ్లకు ఆన్‌లైన్‌లో బరువుల వ్యాయామం నేర్పుతాను. ముందురోజు స్క్వాట్ సరిచేసిన మనిషినే మర్నాడు డబ్బు అడగాలంటే నోరు వచ్చేది కాదు. 2022 ఆగస్టులో యూపీఐ ఆటోపే పెట్టుకున్నాను. క్లయింటు ఒకసారి అనుమతిస్తే చాలు, నెలనెలా ఫీజు దానంతటదే వచ్చేస్తుంది. ఆ మొదటి నెల నేను స్నానం చేసి వచ్చేలోపు పద్దెనిమిది మంది ఫీజు ఖాతాలో పడి ఉంది. ఫోను పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఎలా పెట్టుకోవాలో అందరికీ తెలిసిందే. కొత్తగా పెట్టుకునేవారికి నేను చెప్పదలచుకున్నది ఒక్క గడి గురించి. మాండేట్, అంటే క్లయింటు ఇచ్చే ఆ అనుమతి, తయారు చేసేటప్పుడు 'గరిష్ఠ మొత్తం' అని అడుగుతుంది. నేను వాడే చెల్లింపుల సంస్థ అందులో ముందుగానే 15,000 నింపి ఉంచింది. పిన్ అడగకుండా నెలనెలా తీసుకునేందుకు రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో పెంచిన పరిమితి అది. ఉండనిద్దాంలే అనుకున్నాను.

వారం తిరక్కుండా గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు ఫోను చేశారు. "అమ్మా, నువ్వు చెప్పింది రెండు వేల అయిదు వందలు కదా, ఇక్కడ పదిహేను వేల వరకు అని ఉందేమిటి?" ఆవిడ గొంతులో అనుమానం కంటే భయమే ఎక్కువ వినిపించింది. పెన్షన్ ఖాతా మరి. అది పైహద్దు మాత్రమేనని ఎంత చెప్పినా నా మాటకీ ఆ తెరమీది అంకెకీ పొంతన కుదరలేదు. ఆ సాయంత్రమే గడిలో సరిగ్గా 2,500 పెట్టి అందరికీ కొత్త లింకులు పంపాను. అందరూ హాయిగా అనుమతించారు. మంచి పని చేశాననుకున్నాను.

ఆ మంచి పని ఫలితం 2025 ఏప్రిల్‌లో తెలిసింది. రెండున్నరేళ్లు పాత ధరకే నెట్టుకొచ్చి, చివరికి 2,900 చేశాను. మాండేట్ 2,500 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఒక్కరి ఖాతా నుంచి కూడా కొత్త మొత్తం తీసుకోవడానికి వీలు లేదు. అప్పటికి ముప్పై నాలుగు మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పి, పాతది రద్దు చేయించి, కొత్తది అనుమతింపజేయాలి. ఇరవై అయిదు మంది చేశారు. మిగతా తొమ్మిది మందిలో పెంచిన నాలుగు వందలు ఎక్కువన్నవారు ఇద్దరే. తక్కినవారు "నెలాఖరుకు చూద్దాం" అన్నారు. నెలాఖరు రాలేదు. ధర వాళ్లకు భారం కాలేదు. కొనసాగాలా వద్దా అని ఆలోచించుకునే గుమ్మం దగ్గరికి వాళ్లను నేనే తీసుకెళ్లి నిలబెట్టాను.

ఇప్పుడు 2,900 ప్లాన్‌కు గడిలో 3,500 పెడుతున్నాను. తెరమీద ఏ అంకె కనిపిస్తుందో, ఎందుకు కనిపిస్తుందో చేరేముందు వీడియో కాల్‌లోనే చెబుతాను. ధర పెంచితే నెల ముందు రాతపూర్వకంగా చెబుతానని మాట కూడా ఇస్తాను. ఆ మాట లేకుండా పైహద్దు ఎక్కువ పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు క్లయింటుకు సమాచారం వెళ్లాలన్న నిబంధన మొదట్లో నాకు నచ్చలేదు. ఆ నెల ఒక్కరోజూ వ్యాయామం చేయనివారికి ఆ సందేశం రాగానే మాండేట్ ఆపేయాలనిపిస్తుంది. ఇప్పుడు దానికి రెండు రోజుల ముందు నేనే ఎవరికి వారికి ఆ నెలలో ఎత్తిన బరువులు, తప్పిన రోజులు రాసి పంపుతున్నాను. ఒకావిడ నాలుగు నెలలు తన వ్యాయామం వీడియో ఒక్కటి కూడా పంపకుండా ఫీజు కడుతూనే ఉన్నారు. గమనించాక చెల్లింపు నేనే ఆపి, ఆవిడకు ఫోను చేశాను. నేను చేయని పనికి డబ్బు నాకెందుకు?

ఆటోపే ఉంటే ఫీజు అడగాల్సిన పనే లేదని నేను చాలామందికి చెప్పాను, అది పూర్తిగా నిజం కాదు. ఒకటో తేదీ పెట్టుకున్నన్నాళ్లూ ఇంటి అద్దెలు, ఈఎంఐలు ముందుగా పోయి, నా వంతు వచ్చేసరికి కొందరి ఖాతాల్లో నిల్వ ఉండేది కాదు. ఏడో తేదీకి మార్చాక చాలావరకు తగ్గింది. 2025 ఆగస్టు నుంచి ఈ చెల్లింపులు రద్దీ లేని వేళల్లోనే జరుగుతున్నాయి, తొలి ప్రయత్నం విఫలమైతే మరో మూడు సార్లకే అవకాశం. అవీ దాటిపోతే మళ్లీ ఆ "నమస్తే అండీ" రాయాల్సిందే. నెలకు ఒకరో ఇద్దరో ఉంటారు.

నా క్లయింట్లలో ఎక్కువమంది ఇక్కడి బ్యాంకు ఖాతాలున్న ఉద్యోగినులు కాబట్టి నాకు ఇది సరిపోయింది. డల్లాస్‌లో ఉన్న ముగ్గురి దగ్గర మూడు నెలల ఫీజు ఒకేసారి విడిగా తీసుకుంటున్నాను. నా ఏడాది ఆదాయం 20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ నమోదు లేదు, అది ఉన్నవారు ధర లెక్క వేరుగా వేసుకోవాలి. ఎనిమిది, పది మందే ఉంటే, ప్రతి చెల్లింపుకూ ఆ సంస్థకు కట్టే రుసుము, దానిమీద 18 శాతం పన్ను చూశాక, క్యూఆర్ కోడ్ పంపుకోవడమే మేలనిపించవచ్చు.

గుంటూరు టీచరు గారు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నారు. 3,500 అంకె చూసి మళ్లీ ఫోను చేశారు, కారణం అడిగారు, నేను చెబుతుండగానే పిన్ కొట్టారు.