లైవ్‌ప్యాచ్‌లో అడ్రసులు ఎవరు రాయాలి? సొంత యంత్రాంగమా, మాడ్యూల్ లోడరా, ముక్కలు చేయడమా – ఏది మేలు?

లైవ్‌ప్యాచ్ అంటే లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) నడుస్తుండగానే దానిలోని తప్పు సరిచేసే ప్యాచ్. ఆ మాట అనగానే అందరూ ఫంక్షన్ మళ్లింపు గురించే మాట్లాడతారు. పాత ఫంక్షన్ మొదట్లో ఎఫ్‌ట్రేస్ (పిలుపులను పట్టుకునే కెర్నెల్ సదుపాయం) కాపు కాస్తుంది, పిలుపు కొత్త ఫంక్షన్‌కు పోతుంది, సర్వర్ రీబూట్ కాకుండానే బగ్ పోతుంది. అది తేలిక భాగం. ఆ కొత్త ఫంక్షన్ తాను పిలవాల్సిన మిగతా ఫంక్షన్ల అడ్రసులను ఎవరు, ఎప్పుడు రాస్తారన్నదే అసలు తలనొప్పి. ఇలా అడ్రసులు రాయడాన్నే రీలొకేషన్ అంటారు. ప్యాచ్ కూడా ఒక మాడ్యూల్‌గానే వస్తుంది, అంటే నడుస్తున్న కెర్నెల్‌కు తగిలించే భాగంగా; మాడ్యూళ్లను ఎక్కించేది మాడ్యూల్ లోడర్. లైనక్స్‌లో దీనికి రెండు పద్ధతులు వరుసగా నడిచాయి, మూడోది ప్రతిపాదన దగ్గరే ఆగింది. నా ఓటు రెండోదానికి.

హనుమకొండలో మా ఆఫీసులో కొత్తగా చేరిన పరకాల పిల్లగాడు అదాలత్ సెంటర్‌లో చాయ్ తాగుతూ అడిగాడు: "అన్నా, మాడ్యూల్ లోడర్ రీలొకేషన్ చేస్తనే ఉంటది గదా. మళ్ల ప్యాచ్‌కు వేరే లెక్క ఎందుకు?"

సూటిగా అడిగాడు. మామూలు మాడ్యూల్‌కు కెర్నెల్ ఎక్స్‌పోర్ట్ చేసిన, అంటే బయటికి ఇచ్చిన పేర్లే కనిపిస్తాయి. ప్యాచ్‌కు అవి చాలవు. ఫైలు లోపల దాగిన స్టాటిక్ ఫంక్షన్లు కావాలి, ఒక్కోసారి ఇంకా లోడే కాని వేరే మాడ్యూల్‌లోని ఫంక్షన్ కావాలి. పైగా ఒకే పేరుతో స్టాటిక్ ఫంక్షన్లు నాలుగైదు ఉండొచ్చు. ఊళ్లో ముగ్గురు కొమురయ్యలుంటే చెరువు కాడి కొమురయ్య, గుడి కాడి కొమురయ్య అంటాం కదా, కెర్నెల్ ఇంటిపేరు అడగకుండా నంబర్ పెడుతుంది: ఆ పేరు గలవాళ్లలో మొదటివాడు, రెండోవాడు అని. సున్నా అంటే ఆ పేరు ఒక్కరికే ఉందని.

రీలొకేషన్ అంటే ఏమిటో నోట్‌బుక్ మీద వేసి చూపించాను. ఎక్స్86‌లో (ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో) ఫంక్షన్‌ను పిలిచే కాల్ ఇన్‌స్ట్రక్షన్ అయిదు బైట్లు. మొదటిది ఈ8, మిగతా నాలుగూ కంపైలర్ వదిలిన సున్నాలు. ఆ నాలుగు బైట్లు 3001 దగ్గర మొదలై, పిలవాల్సిన ఫంక్షన్ 5000 దగ్గర ఉంటే, అక్కడ రాయాల్సింది 5000 – 4 – 3001, అంటే 1995. ప్రాసెసర్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అయిన 3005 నుంచి లెక్కపెడుతుంది కనుక ఆ నాలుగు తీసేయాలి. ఇంత చిన్న లెక్కే. కానీ రాసేది నడుస్తున్న కెర్నెల్‌లో, రీడ్ ఓన్లీ పేజీల్లో. తప్పు పడితే మెషిన్ పడిపోతుంది.

మొదటి పద్ధతి 2015లో లైనక్స్ 4.0తో వచ్చింది. ప్యాచ్ తన రీలొకేషన్ల జాబితాను తానే మోసుకొస్తుంది: ఎక్కడ రాయాలి, ఏ రకం, ఏ పేరు, ఎంత కలపాలి. లైవ్‌ప్యాచ్ కోడ్ ఆ పేరు వెతికి, పేజీని రాయదగ్గదిగా మార్చి, తానే రాసి, మళ్లీ మూస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఇదే పని మాడ్యూల్ లోడర్‌లో అప్పటికే పకడ్బందీగా ఉంది. దాన్ని పక్కనపెట్టి ప్రతి ఆర్కిటెక్చర్‌కూ (ప్రాసెసర్ రకానికీ) రెండో కాపీ రాసుకోవాలి. ఎక్స్86‌కు రాశారు, ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్‌ల ఎస్390‌లో ఆ ఫంక్షన్ "ఇంకా లేదు" అనే ఎర్రర్ మాత్రమే తిరిగిచ్చేది. ఒకే లెక్కకు రెండు ఖాతాలుంటే ఏదో రోజు తేడా రాక తప్పదు.

రెండో పద్ధతి 2016లో 4.7తో వచ్చింది, జెస్సికా యూ చేసిన మార్పు. జాబితా పోయింది. ప్యాచ్ మాడ్యూల్‌లోనే ఈ రీలొకేషన్లను ప్రత్యేకంగా గుర్తు పెట్టిన సెక్షన్లలో (ఫైలులోని విభాగాల్లో) ఉంచుతారు, సెక్షన్ పేరులోనే అది ఏ మాడ్యూల్‌కు సంబంధించిందో ఉంటుంది. లోడర్ మొదట వాటిని ముట్టుకోదు. సమయం వచ్చినప్పుడు లైవ్‌ప్యాచ్ పేర్లను అడ్రసులుగా మార్చి, రాసే పని మాత్రం లోడర్ ఫంక్షన్‌కే అప్పగిస్తుంది. ఖర్చు కూడా ఉంది: మామూలుగా లోడ్ కాగానే పారేసే సింబల్ టేబుల్ (పేర్ల పట్టిక), సెక్షన్ హెడర్లను ప్యాచ్ ఉన్నంతకాలం మెమరీలో దాచాలి. అది పెద్ద ధరేం కాదు.

అయితే ఇందులోనూ ఒక పాత మెలిక మిగిలిపోయింది. లోడయ్యేటప్పుడు కెర్నెల్ కొన్ని ఇన్‌స్ట్రక్షన్లను ఆ ప్రాసెసర్‌కు తగ్గట్టు మార్చేస్తుంది, పారావర్ట్ కాల్‌ను (వర్చువల్ మెషిన్ల కోసం పెట్టిన పరోక్ష పిలుపును) తీసి నేరుగా చిన్న ఇన్‌స్ట్రక్షన్ పెట్టడం లాంటివి. లైవ్‌ప్యాచ్ రీలొకేషన్ ఆ తర్వాత వచ్చి, ఇంకా అక్కడ కాల్ ఉందనుకుని, కొత్త ఇన్‌స్ట్రక్షన్ మీదే నాలుగు బైట్లు రాసేస్తుంది. దాన్ని తప్పించడానికి ఆర్కిటెక్చర్‌కొక ప్రత్యేక సెక్షన్, దానికొక ప్రత్యేక కోడ్ వచ్చిపడ్డాయి. రోగం కంటే మందు బరువైపోయింది.

2020లో 5.8తో దాన్ని తీసేసిన తీరే నాకు అన్నిటికన్నా నచ్చింది. జాష్ పాయింబూఫ్, పీటర్ జిల్‌స్ట్రా చేసిన పని. అసలు కెర్నెల్‌లోని పేర్లు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాయి, వాటి కోసం ఆగడం దేనికి? వాటి రీలొకేషన్లను మామూలు వాటితో పాటే, లోడింగ్ సమయంలోనే రాసేశారు. దాంతో క్రమం సరిపోయింది, ఆ ప్రత్యేక సెక్షన్లు, కోడ్ అన్నీ పోయాయి. వేరే మాడ్యూళ్లకు చెందినవి మాత్రం ఆలస్యంగానే రాస్తారు, ఎక్స్86‌లో అదీ పేజీ తాళం తీయకుండా టెక్స్ట్ పోక్ (నడుస్తున్న కోడ్‌ను జాగ్రత్తగా మార్చే కెర్నెల్ ఫంక్షన్) ద్వారా. కొన్ని పరిమితులు మిగిలాయి. ఉదాహరణకు వేరే మాడ్యూల్‌లో పుట్టిన స్టాటిక్ కీ (కోడ్‌లో ఒక దారిని తెరిచే, మూసే స్విచ్) మీద ఆధారపడిన జంప్ లేబుళ్లు (ఆ స్విచ్‌ను బట్టి మారే కోడ్ చోట్లు) ప్యాచ్‌లో కుదరవు. ప్యాచ్ రాసేవాళ్లు చుట్టుతిరిగి రాసుకోవాల్సిందే.

మూడో దారి, అదే ఏడాది పెట్ర్ మ్లాడెక్ చర్చకు పెట్టినది. ప్యాచ్‌ను ఒకే మాడ్యూల్‌గా కాకుండా ముక్కలు చేయాలి, ప్యాచ్ చేయాల్సిన ప్రతి మాడ్యూల్‌కూ ఒక ముక్క. ఉదాహరణకు ఎన్ఎఫ్ఎస్‌డీ (నెట్‌వర్క్ ఫైల్ సర్వర్ మాడ్యూల్) లోడ్ అయితే దాని ముక్క కూడా లోడ్ అవుతుంది. ఇక ఆలస్యపు రీలొకేషన్లే ఉండవు.

కాగితం మీద దీనికి మించింది లేదు. కానీ బరువు ఎక్కడికి పోయిందో చూడాలి. ఒక మాడ్యూల్ లోడింగ్ మధ్యలో ఉండగా కెర్నెల్ యూజర్‌స్పేస్‌ను (తన బయట నడిచే ప్రోగ్రామ్‌లను) పిలిచి మరో మాడ్యూల్ తెప్పించుకోవాలి. అది డిస్కులో లేకపోతే? ప్యాచ్ తీసేస్తున్న క్షణంలోనే వస్తే? ముక్కల మధ్య పంచుకునే ఫంక్షన్ ఎక్కడ ఉండాలి? రీలొకేషన్ కోడ్ తగ్గి లోడింగ్ కోడ్ పెరుగుతుంది, పైగా లోడింగ్ కోడ్‌లో తప్పు ఎప్పుడో ఒకసారే వస్తుంది, పట్టుకోవడం కష్టం.

"మరి మాడ్యూళ్లన్నీ ముందుగాలనే లోడ్ చేసి పెట్టుకుంటే అయిపోతది గదన్నా?" అన్నాడు పరకాల పిల్లగాడు. కోడ్ పరంగా అంతకన్నా తేలిక లేదు. కానీ ఎప్పుడూ వాడని ఫైల్ సిస్టమ్‌లు, డ్రైవర్లు మెమరీలోకి ఎక్కించడమంటే ప్యాచ్ చేయాల్సిన రంధ్రాలను మనమే పెంచుకోవడం.

రీలొకేషన్ వద్దని పేర్లను సీ కోడ్‌లోనే వెతుక్కుని పాయింటర్ల ద్వారా పిలిచే చేతిరాత పద్ధతి కూడా ఉంది. చిన్న ప్యాచ్‌కు చాలు. 5.7 నుంచి ఆ వెతికే ఫంక్షన్ ఎక్స్‌పోర్ట్ ఆపేశారు కనుక ఇప్పుడు అదీ అంత సులువు కాదు.

రెండో పద్ధతి వాడేవాళ్లకు ఒక్క జాగ్రత్త. ప్యాచ్ ఉండగా ఎన్ఎఫ్ఎస్‌డీని తీసి మళ్లీ లోడ్ చేస్తే, ప్యాచ్‌లోని ఆ నాలుగు బైట్లలో పాత అడ్రసే ఉంటుంది. అక్కడ సున్నాలే ఉండాలని ఎక్స్86 లోడర్ పట్టుబడుతుంది. "స్కిప్పింగ్ ఇన్‌వాలిడ్ రీలొకేషన్ టార్గెట్" అని లాగ్‌లో రాస్తుంది కానీ స్కిప్ చేయదు, మైనస్ 8 ఇచ్చి మాడ్యూల్‌నే తిప్పి పంపుతుంది. 2023లో 6.3తో సాంగ్ ల్యూ ప్యాచ్ వచ్చాక, మాడ్యూల్ పోయినప్పుడే ఆ బైట్లను మళ్లీ సున్నాలు చేస్తున్నారు. అంతకు పాత కెర్నెల్ మీద ఉన్నవాళ్లు తమ డిస్ట్రోలో ఈ మార్పు బ్యాక్‌పోర్ట్ అయిందో (పాత వెర్షన్‌కు తెచ్చారో) లేదో ముందు చూసుకోవాలి. కాకపోతే ప్యాచ్ అయిన మాడ్యూల్‌ను ఆర్ఎమ్‌మోడ్ చేసే (తీసేసే) పని పెట్టుకోవద్దు.