ఫోన్లో గుర్రాల డాక్టరు: ఏడాది వాడాక నాకు అనిపించింది

కుక్కకో పిల్లికో ఒంట్లో బాగోకపోతే చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు. 450 కిలోల గుర్రాన్ని ఏం చేస్తాం? డాక్టరే మన దగ్గరికి రావాలి, వచ్చేదాకా గుర్రం పక్కన నిలబడి చేతులు పిసుక్కోవాలి, ఊరికే ఉండలేక తోచిన వైద్యమంతా చేసేస్తాం, చాలాసార్లు పని అక్కడే చెడుతుంది. ఆ మధ్యలో ఉండే గంటా రెండు గంటల కోసమే ఏడాది కిందట, గుర్రాల డాక్టర్లు ఫోన్లోనూ వీడియోలోనూ సలహా ఇచ్చే ఒక సర్వీసులో చేరాను. పేరు రాయను, ఇది ప్రకటన కాదు, పైగా ఇందులో నేను తిట్టబోయేవి కూడా ఉన్నాయి. ఇలాంటిది తీసుకుందామనుకునేవాళ్లకి ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

నా దగ్గర రెండున్నాయి. చుక్క అని ఎనిమిదేళ్ల ఆడగుర్రం, ఇంకోటి బాగా ఒళ్లు చేసిన ముసలాయన.

ముందు చుక్క సంగతి. ఒక రాత్రి దాణా సగం వదిలేసి ముందు కాలితో నేల గీరడం మొదలెట్టింది, మాటిమాటికీ తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది, పై పెదవి పైకి చుట్టేస్తోంది. కడుపునొప్పి అని అర్థమైంది. గుర్రానికి కడుపునొప్పి అంటే మనకొచ్చే కడుపునొప్పి లాంటిది కాదు, అది వాంతి చేసుకోలేదు, లోపల ఉబ్బినా అడ్డుపడినా పైకి వచ్చే దారే లేదు, పేగు మెలిపడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఫోన్ చేశాను. ఏ ఇంజెక్షన్ వెయ్యాలో చెబుతారనుకుంటే ఆ డాక్టరమ్మ ప్రశ్నలు మొదలుపెట్టారు. లద్దె వేసి ఎంతసేపైందండీ? ఈ రోజు నీళ్లు ఎన్ని తాగింది? గడ్డి ఏమైనా మార్చారా? చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి? నాడి ఎంత?

నాడా? పదేళ్లుగా గుర్రాలతో ఉన్నాను, ఒక్కసారీ చూడలేదు. సిగ్గేసింది. ఆవిడ ఏమీ అనకుండా దవడ ఎముక లోపలి అంచున వేలు పెట్టించి, తాడులా జారే రక్తనాళాన్ని పట్టించి, 15 సెకన్లు లెక్కపెట్టించి నాలుగుతో హెచ్చవేయమన్నారు. 52 వచ్చింది. నిమ్మళంగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలట, 60 దాటి దిగకపోయినా చిగుళ్లు నల్లబడినా ఇక ఆలోచించే పనే లేదట. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి, అది వచ్చింది. డొక్కకి చెవి ఆనించి రెండు వైపులా గుడగుడలు వినమన్నారు, ఒక వైపు దాదాపు ఏమీ లేదు. అదంతా విని, నేను అడక్కముందే, మీ దగ్గరి డాక్టర్ని ఇప్పుడే పిలవండి, పొద్దున దాకా ఆగొద్దు అన్నారు.

నాకు కోపం వచ్చిన చోటు కూడా ఇదే. బీరువాలో ఫ్లూనిక్సిన్ అని నొప్పి తగ్గించే ఇంజెక్షన్ ఉంది, వెయ్యనా అని అడిగితే వద్దన్నారు. బిడ్డ నొప్పితో అల్లాడుతుంటే వద్దంటారేంటని గట్టిగానే మాట్లాడాను. వచ్చే డాక్టరు చూసేది ఆ నొప్పి తీరునేనండీ, మీరిప్పుడు దాన్ని కప్పేస్తే ఆపరేషన్ అవసరమైన కేసు కూడా మామూలుగా కనిపిస్తుంది అన్నారు. కండలోకి వేస్తే కొన్నిసార్లు అక్కడ క్రిములు చేరి కండ కుళ్లిపోయే ప్రమాదం కూడా ఉందట, అది నాకు తెలియదు. ఈలోగా పక్కనున్న ఒక పెద్దాయన నూనె గొంతులో పోద్దామని సీసాతో సిద్ధం. ఫోన్లోనే ఆవిడ దాదాపు అరిచినంత పని చేశారు. నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గినా న్యుమోనియాతో పోతుంది, నూనె పోయాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి పోస్తారు. మేత తీసెయ్యమన్నారు. పడుకుని ఊరుకుంటే పడుకోనివ్వమన్నారు, దొర్లబోతే పది నిమిషాలు మెల్లగా నడిపించమన్నారు, అంతేగానీ తెల్లవార్లూ తిప్పి మీరూ అదీ సొమ్మసిల్లొద్దు అన్నారు. (మా పెద్దాయన లెక్క ప్రకారం కనీసం వంద చుట్లు తిప్పాలి.)

డాక్టరు వచ్చి గొట్టం వేసి, చెయ్యి పెట్టి చూసి, పేగులో లద్దె గట్టిపడి అడ్డుపడిందన్నారు. రెండు రోజుల్లో తేరుకుంది. కారణం వెతికితే నా నిర్వాకమే, గడ్డి ఒక్కసారిగా మార్చేశాను, తొట్టిలో నీళ్లు పాచి పట్టాయని అది సరిగ్గా తాగట్లేదు. ఆ సైజు గుర్రం రోజుకి 25 లీటర్లకి తక్కువ కాకుండా తాగాలి, మేత ఏది మార్చినా వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చాలి. ఈ మాటలు ఎక్కడైనా దొరుకుతాయి, నిజమే. కానీ అర్ధరాత్రి వణికే చేతులతో నాడి పట్టించే మనిషి ఎక్కడబడితే అక్కడ దొరకదు. ఇంకొకటి, ఆవిడ ఏ టైముకి నాడి ఎంతుందో, చిగుళ్లెలా ఉన్నాయో రాసిన చిన్న నోటు నా ఫోన్‌కి పంపారు, వచ్చిన డాక్టరు మొదట చదివింది అదే. ఈ ఒక్క రాత్రికే ఏడాది చందా తీరిపోయిందనుకున్నాను.

ఇక తిట్లు. ముసలాయన ఒక పొద్దున అడుగు తీసి అడుగు వెయ్యట్లేదు. ఆ రోజు లైన్లో ఉన్నది వేరే డాక్టరు, కొత్తవాడిలా ఉన్నాడు. కుడి ముందు కాలు ఎక్కువ నొప్పిగా ఉన్నట్టుంది అన్నానో లేదో, వీడియోలో ఒక్క క్షణం చూసి, డెక్కలో చీము పట్టి ఉంటుంది, కట్టు కట్టి రేపు చెప్పండి అన్నాడు. అలా కూడా వస్తుంది, నిన్నటిదాకా బాగున్న గుర్రం తెల్లారేసరికి కాలు కింద పెట్టకపోతే ముందు అనుకునేది చీమే. కానీ అతను రెండో కాలు అడగలేదు. సాయంత్రానికి నాకు అనుమానం వచ్చి మళ్లీ చేస్తే ఈసారి మొదటి డాక్టరమ్మ దొరికారు. రెండు ముందు డెక్కలూ వేడిగా ఉన్నాయా, డెక్కకి పైనున్న కీలు వెనక రెండు పక్కలా వేలు పెడితే నాడి టకటకా కొడుతోందా, బరువంతా వెనక్కి వేసి ముందు కాళ్లు ముందుకు చాపి నిలబడుతున్నాడా? అన్నిటికీ అవును. లామినైటిస్. డెక్క లోపల ఎముకని డెక్క గోడకి పట్టి ఉంచే పొరలు వాచి ఊడిపోవడం అన్నమాట, ముదిరితే ఆ ఎముక కిందికి దిగిపోతుంది. మెడ మీద కొవ్వు గట్టిగా కట్టి ఉంది, ఈ మధ్య పచ్చిక ఎక్కువ మేశాడు అని మొదటి ఫోన్లోనే చెప్పాను, ఆ రెండు మాటలు విన్నాకైనా అనుమానం రావాలి కదా. కాళ్లని డెక్క నుంచి పై కీలు దాకా ఐసు నీళ్లలో ఉంచమన్నారు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలట, నడిపించొద్దన్నారు, కింద మందంగా మెత్తగా పరవమన్నారు, డాక్టర్ని పిలిపించారు. బతికాడు, ఇప్పుడు కొంచెం కుంటుతాడు. ఆ పోయిన పూట దొరికి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఫిర్యాదు పెడితే క్షమాపణ మెసేజ్ వచ్చింది, అందులో నా గుర్రం పేరు తప్పు.

పేరు తప్పడం చిన్న విషయమే అనుకోండి, కానీ అసలు జబ్బు అదే: వీళ్ల దగ్గర పాత కేసుల రికార్డు ఉంది, ఫోన్ ఎత్తిన మనిషి దాన్ని తెరవడు. ప్రతిసారీ వయసు నుంచి మొదలు. రాత్రి పది దాటాక ఇరవై నిమిషాలు పాట వినిపిస్తూ కూర్చోబెడతారు. చాట్‌లో అడిగే చిన్నాచితకా వాటికి, అంటే డెక్క అడుగున నల్లగా కంపు కొట్టే కుళ్లు, జీను కింద పుండ్లు, వాటికి వచ్చే జవాబులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. తడి లేకుండా చూడండి, రోజూ డెక్కలు శుభ్రం చెయ్యండి. తెలుసు బాబూ.

కడుపులో పురుగులకి తాగించే మందు విషయంలో మాత్రం మళ్లీ నా కళ్లు తెరిపించారు. రెండు నెలలకోసారి కళ్లు మూసుకుని తాగించేవాణ్ణి. ముందు లద్దె పరీక్ష చేయించి గుడ్లు ఎన్నున్నాయో చూడండి, లేని పురుగుకి మందెందుకు, అలా వాడీ వాడీ మందుకి లొంగని పురుగులు తయారయ్యాయి అన్నారు. బరువు ఎంతని అడిగితే 380 ఉంటుందని కంటి అంచనా చెప్పాను. టేపు తెచ్చుకోమన్నారు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో, దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగించాలి. చుట్టు 180, పొడవు 165, వచ్చింది 450. అంటే ఇన్నేళ్లూ ఆరో వంతు తక్కువ మందు పోస్తున్నానన్నమాట, పురుగులకి వ్యాయామం చేయించినట్టు.

చుక్క కన్ను వాచి నీరు కారినప్పుడు పాత చుక్కల మందు చూపిస్తే, అందులో స్టెరాయిడ్ ఉంది, కంటి మీద పుండు ఉందో లేదో రంగు వేసి చూడకుండా ఇది వేస్తే కన్నే పోవచ్చు, ఇవాళే డాక్టర్ని పిలవండి అన్నారు. పుండే ఉంది. డెక్కలో మేకు దిగినప్పుడు, పీకొద్దు, ఇంకా లోపలికి దిగకుండా చుట్టూ దన్ను పెట్టి కట్టండి, ఎటు ఎంత దిగిందో ఎక్స్‌రేలో చూశాకే తియ్యాలి అన్నారు, వెంటనే ధనుర్వాతం టీకా తేదీ అడిగారు. పళ్ల గురించి అడిగితే మాత్రం, నోట్లో చెయ్యి పెట్టకుండా ఫోటో చూసి చెప్పేది అబద్ధమే అవుతుంది, ఏడాదికోసారి డాక్టరుకి చూపించి అరగదీయించండి అని వదిలేశారు. తెలియనిది తెలియదనడం నాకు నచ్చింది, ఆ కుర్ర డాక్టరు నేర్చుకోవాల్సిందీ అదే.

5కి మూడున్నర. చందా పొడిగించాను. దగ్గర్లో పిలిస్తే వచ్చే గుర్రాల డాక్టరు లేనివాళ్లు దీన్ని డాక్టరు బదులు అనుకుని తీసుకోవద్దు, నాకు మేలు జరిగిన ప్రతిసారీ చివర్లో ఒక డాక్టరు నడుచుకుంటూ వచ్చి గుర్రం మీద చెయ్యి వేశారు. తీసుకునేవాళ్లు మొదటి ఫోన్ లోపు ఒక థర్మామీటరు, ఒక టార్చి కొనుక్కోండి, థర్మామీటరుకి దారం కట్టండి (ఎందుకో మొదటిసారి పెట్టినప్పుడు తెలుస్తుంది), బాగున్న రోజున మీ గుర్రం నాడి, ఊపిరి, జ్వరం చూసి గోడ మీద రాసుకోండి. చుక్కది నాడి 36, ఊపిరి 12, వేడి 37.6.

ఒకవేళ లైన్లో ఆ డాక్టరమ్మ దొరికితే నేను పంపానని చెప్పండి, ఆవిడకి గుర్తుండను, అయినా.