కణత మీద వేలు పెట్టని తలనొప్పి చెకప్

నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అరవై దాటినవాళ్ల కోసం 'తలనొప్పి చెకప్' అని ఒక ప్యాకేజీ నడుపుతోంది. ధర 3,500. అందులో డాక్టరు చూడటం, బీపీ, కంటి పరీక్ష, రక్త పరీక్షలు, తలకు సీటీ స్కాన్ అన్నీ కలిపే. ఆసుపత్రి పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇలాంటి ప్యాకేజీలు ఇప్పుడు మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో కూడా అడిగితే దొరుకుతాయి, తంతు కూడా ఇంచుమించు ఇదే.

దీన్ని ఒకే జబ్బు గీటురాయి మీద గీసి చూశాం. అది టెంపొరల్ ఆర్టరైటిస్, ఇంకో పేరు జెయింట్ సెల్ ఆర్టరైటిస్. కణత దగ్గరి రక్తనాళం వాచి, లోపలి దారి ఇరుకవుతుంది. 50 దాటాకే వస్తుంది, 70ల్లో ఎక్కువ, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. మన దేశంలో అరుదే. కానీ పట్టుకోకపోతే కన్ను పోతుంది. ఒకటి పోయాక మందు పడకపోతే రెండోది కూడా రోజుల్లోనో వారాల్లోనో పోవచ్చు. ప్యాకేజీలో అన్నిటికన్నా ఖరీదైన సీటీలో ఈ జబ్బు కనబడదు. కనబడేది డాక్టరు వేళ్లకి.

ఆ వేళ్ల దగ్గరే ఈ సర్వీసు తేలిపోయింది. తలకు చుట్టుకున్న తువ్వాల తీయించకుండా, ఒక పక్క కణత మీద రెండు క్షణాలు వేలు ఆనించి, కాగితం మీద 'నార్మల్' అని రాశారు.

అసలు చూడాల్సిన తీరు వేరు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టాలి. తువ్వాల, కొంగు, క్లిప్పులు తీయించాలి. చూపుడు వేలు, మధ్య వేలు మెత్తటి భాగాలతో రెండు కణతలూ ఒకేసారి పట్టుకోవాలి. చెవి రంధ్రానికి ముందున్న చిన్న బుడిపెకు కాస్త ముందు, ఎముక మీదుగా నాడి కొట్టుకుంటుంది. అక్కడ మొదలుపెట్టి పైకి పోవాలి. కొద్ది సెంటీమీటర్లు పోయాక నాళం రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ నుదుటి వైపు, ఇంకోటి నడినెత్తి వైపు. రెండింటినీ చివరిదాకా తడమాలి. వాపు నాళమంతా సమానంగా ఉండదు, మధ్యమధ్యలో బాగున్న ముక్కలు ఉంటాయి. ఒక్కచోట ముట్టుకుని వదిలేస్తే సరిగ్గా ఆ బాగున్న ముక్కే తగలొచ్చు. వేలు తేలికగా ఉండాలి. గట్టిగా నొక్కితే ఉన్న నాడిని మన వేలే ఆపేస్తుంది, 'నాడి లేదు' అని తప్పుగా రాసేస్తాం.

బాగున్న నాళం మెత్తగా ఉంటుంది, నొక్కితే అణుగుతుంది, కింద టకటకా కొట్టుకుంటుంది. జబ్బు పడ్డది సుతిలి తాడులా గట్టిగా తగులుతుంది. అక్కడక్కడా గడ్డకట్టి పూసలదండలా ఉండొచ్చు. నాడి తగ్గిపోవచ్చు, అసలు లేకపోవచ్చు. ముట్టుకుంటే మనిషి తల వెనక్కి లాక్కుంటాడు. ఇవన్నీ ఒకే బరువున్న గుర్తులు కావు. 2002లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కేసినప్పుడు సంభావ్యతా నిష్పత్తి పూసల నాళానికి 4.6, ఉబ్బిన నాళానికి 4.3, నాడి లేకపోతే 2.7, ఒత్తితే నొప్పికి 2.6 వచ్చింది. ఆ అంకె ఒకటికి ఎంత పైన ఉంటే అనుమానం అంత బలం. నాళం మామూలుగా తగిలితే మాత్రం 0.53, అంటే అనుమానం సగానికి పడుతుందే కానీ పోదు. కాబట్టి ఆ 'నార్మల్' సరిగ్గా చూసి రాసినా దాన్ని పట్టుకుని ఇంటికి పంపే వీల్లేదు.

ఇంకో పక్క పొరపాటూ ఉంది. బక్కపలచటి పెద్దవాళ్ల కణతల మీద నాళం వంకర్లు తిరిగి పైకే కనబడుతుంది. మెత్తగా ఉండి, కొట్టుకుంటూ, నొప్పి లేకపోతే అది వయసు. దాన్ని చూసి హడావిడి పడక్కర్లేదు. పైగా మన మాటలో నాళమూ 'నరమే', నాడీతంతువూ 'నరమే'. 'కణత నరం లేచింది' అని వచ్చిన మనిషికి నరాల బలం మాత్రలు రాయడానికి ఈ ఒక్క మాట చాలు.

కణత అయ్యాక తల వెనక, చెవుల వెనక కూడా ఒత్తి చూడాలి. దువ్వెన పెడితే, దిండు మీద పడుకుంటే మాడు నొస్తుందా అని అడగాలి. చర్మం నల్లబడిందా, పుండు పడిందా జుట్టు పాయలు తీసి చూడాలి, నాలుక బయట పెట్టించాలి. ప్యాకేజీలో ఇవేవీ లేవు.

దవడ ప్రశ్న ఫారంలో ఉంది. 'నోటి నొప్పి: అవును / కాదు' అని. దీనికి అందరూ 'కాదు' అనే టిక్కు పెడతారు. మన వైపు అడగాల్సింది ఇలా:

"అవ్వా, జొన్నరొట్టె నములుతుంటే దవడ గుంజుతదా?"

"మొదటి రొట్టెకేం గాదు సారూ. రెండోదానికి ఆగి ఆగి తినాలె."

ఆ 'ఆగి ఆగి'లోనే ఉంది గుర్తు. నమిలే కండరానికి రక్తం చాలక కాసేపటికి నొప్పి మొదలై, ఆపితే ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. కీలు నొప్పి అయితే నోరు తెరిచిన వెంటనే వస్తుంది, టక్కుమని చప్పుడు కూడా కావచ్చు. పళ్లు లేక రొట్టెను పప్పులో నానేసుకుని మింగేవాళ్లకు ఈ గుర్తు బయటపడదు, దాన్ని 'లేదు' కింద లెక్కెయ్యకూడదు. పళ్లున్నవాళ్లకు చూయింగ్ గమ్ ఇచ్చి క్షణానికోసారి చొప్పున మూడు నిమిషాలు నమలమనొచ్చు. ఖర్చు రూపాయో రెండో.

కంటి విభాగానికి మాత్రం మంచి మార్కులే. ఒక్కో కన్నూ మూసి విడివిడిగా చూపు కొలిచారు. గది చీకటి చేసి, టార్చి ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చుతూ పాపలు చూశారు. ఇది చాలాచోట్ల ఎగ్గొట్టే పని. వెలుగు మార్చినప్పుడు పాప చిన్నదవ్వాల్సింది పోయి పెద్దదైతే ఆ కంటి నరం దెబ్బతిన్నట్టు. శుక్లం ఎంత ముదిరినా ఈ తేడా రాదు. అందుకే 'శుక్లం వల్లే మసక' అనుకునే ముందు ఈ టార్చి పరీక్ష తప్పదు. లోపం ఏంటంటే చుక్కల మందు వేసి కంటి వెనక భాగం చూడటం ప్యాకేజీలో లేదు, అదనంగా కట్టాలి. అక్కడ నరం మొదలు సుద్దలా తెల్లగా వాచి కనబడితే ఇంక రిపోర్టుల కోసం ఆగే పని లేదు. 'కాసేపు చూపు మసకబారి మళ్లీ వచ్చిందా, ఒకటి రెండుగా కనబడిందా' అన్న ప్రశ్న కూడా ఎవరూ వెయ్యలేదు.

బీపీ ఒక్క చేతికే చూశారు. ఈ వాపు చేతులకు పోయే పెద్ద నాళాలకూ పాకుతుంది కాబట్టి రెండు చేతులూ చూడాలి. పై అంకెలో తేడా 15, 20 దాటితే రెండు చేతుల నాడీ పోల్చి, మెడ మీదా కాలరు ఎముక దగ్గరా స్టెతస్కోపు పెట్టి నాళం హోరు వినాలి.

భుజాల సంగతి నల్లగొండకు ప్రత్యేకం. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి మెడ, భుజాలు బిగిసి వచ్చినవాళ్లను 'ఫ్లోరిన్' అని పక్కన పెట్టేయడం అలవాటైపోయింది. ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల బిగుతు, ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఎముకే బిగుసుకుంది కాబట్టి మనం పట్టుకుని లేపినా చెయ్యి లేవదు. కణత నాళం జబ్బుతో వచ్చే భుజాల నొప్పి వారాల్లో మొదలవుతుంది, పొద్దున లేచాక ముప్పావు గంటకు పైగా పట్టేసి మెల్లగా వదులుతుంది. తనంతట తాను చెయ్యి లేపలేని మనిషికి మనం లేపితే చాలావరకు లేస్తుంది. ఇద్దరినీ విడదీయడానికి అర నిమిషం చాలు. ఇక్కడ ఆ అర నిమిషం ఖర్చుపెట్టలేదు.

ల్యాబు పని బాగానే ఉంది, కాగితమే బాగాలేదు. ఒంట్లో వాపు ఉంటే పెరిగే ఈఎస్ఆర్‌ను వెస్టర్‌గ్రెన్ పద్ధతిలో, నిలువు గొట్టంలో గంట చూసి చెప్పారు. కానీ పక్కన అన్ని వయసులకూ 0–20 అని ఒకే హద్దు. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి సగం చేస్తే వాడదగ్గ హద్దు వస్తుంది. రక్తహీనత ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ పక్కనపెట్టుకుని చదవాలి. వాపుకే చేసే ఇంకో పరీక్ష సీఆర్‌పీ 1.2 అని ఇచ్చారు, కొలత చిన్న అక్షరాల్లో డెసిలీటరుకు మిల్లీగ్రాములు. లీటరు లెక్కన అది 12, అంటే ఎక్కువే. కొలత చూడకపోతే పెరిగిన అంకె మామూలుగా కనబడుతుంది.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని వచ్చారా అన్నది మొదటి ప్రశ్న కావాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే నొప్పీ ఈఎస్ఆరూ రెండూ తగ్గి, జబ్బు కొన్నాళ్లు మరుగునపడుతుంది.

ఈ జబ్బుకు 2022లో పెట్టిన వర్గీకరణ మార్కుల లెక్క ప్రకారం 50 దాటినవాళ్లలో కొత్తగా వచ్చిన కణత నొప్పికి 2, మాడు ఒత్తితే నొప్పికి 2, నాళం తేడాగా తగిలితే 2. గీత 6 దగ్గర. అది పరిశోధనల కోసం పెట్టిన లెక్క, జబ్బు తేల్చడానికి కాదు. అయినా యంత్రం ముట్టకుండానే ఆరు పూర్తయ్యాయి చూడండి.

అనుమానం గట్టిపడితే బయాప్సీ (నాళం ముక్క తీసి చూడటం) కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి, మామూలుగా రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాములు. షుగరు, టీబీ సంగతి పక్కనే చూసుకోవాలి. బయాప్సీ తర్వాత ఒకటి రెండు వారాల్లో తీసినా పనికొస్తుంది. అల్ట్రాసౌండ్ స్కానింగులో నాళం చుట్టూ కనబడే నల్ల వలయం మాత్రం మందు పడ్డాక రోజుల్లోనే చెరిగిపోతుంది. ఇక్కడ రిపోర్టులు మర్నాడు సాయంత్రం, డాక్టరు మళ్లీ చూడటం వారానికి.

ఐదుకు రెండున్నర. ఆ రెండున్నరలో ఒకటిన్నర కంటి గదికే. తీసుకునేవాళ్లు సీటీ వద్దని, ఆ డబ్బుతో కంటి వెనక పరీక్ష అడగండి. తువ్వాల మీరే తీసి కూర్చోండి. చూపు మసకబారినవాళ్లు మాత్రం ఈ కౌంటరు దగ్గర చీటీ రాయించుకోవద్దు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి, ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి బయల్దేరండి.