డేయస్ ఎక్స్ హ్యూమన్ రెవల్యూషన్: చీకట్లో నడిచేవాడికి దక్కిన ఆట

ఈ వీడియో గేమ్‌లో ఒకచోట, డెట్రాయిట్ పోలీసు స్టేషన్ మార్చురీలో ఉన్న ఒక మృతదేహం తలలోంచి చిన్న పరికరం ఒకటి తీసుకురావాలి. పని అంతే. ముందు గదిలో బల్ల వెనక కూర్చున్న కథానాయకుడి పాత సహోద్యోగి వేన్ హాస్‌ను మాటలతో ఒప్పించి దర్జాగా లోపలికి నడవవచ్చు, వెనక సందులో నిచ్చెనలెక్కి పై అంతస్తు నుంచి దిగవచ్చు, మురుగు కాలువ గుండా నేలమాళిగకు చేరవచ్చు, ఏదీ కాదనుకుంటే తుపాకీ పట్టుకుని ఎదురుగానే వెళ్లవచ్చు. నేను మొదటిసారి కాలువ దారి పట్టాను. రెండోసారి హాస్‌తో మాట్లాడాను. మాట్లాడినప్పుడే తెలిసింది, అతడు అడ్డం తొలగించుకోవలసిన కాపలాదారు కాడని, ఒకప్పుడు తనకు వచ్చిన ఆదేశం మేరకు ఒక పిల్లవాడిని కాల్చి చంపి ఆ బరువుతో బతుకుతున్న మనిషని. అతడిని ఒప్పించి లోపలికి పోతే ఆ దయకు అతడి ఉద్యోగం బలవుతుంది; చాలా గంటల తర్వాత మళ్లీ డెట్రాయిట్ వచ్చినప్పుడు అతడే కోపంతో మన ఎదుట నిలబడతాడు. ఈ ఆటను ఇష్టపడేవారిని ఎందుకని అడిగితే చాలామంది తుపాకుల గురించి కాక ఇలాంటి ఘట్టాల గురించే చెబుతారు, నేనూ వారిలో ఒకడిని.

ఐడోస్ మాంట్రియల్ స్టూడియో తయారు చేయగా స్క్వేర్ ఎనిక్స్ 2011 ఆగస్టులో విడుదల చేసిన ఈ ఆట, 2000లో వచ్చిన మొదటి డేయస్ ఎక్స్‌కు పూర్వకథ. కథాకాలం 2027. శరీరంలో యంత్రావయవాలు అమర్చుకునే ఆగ్మెంటేషన్ విద్య అప్పుడే లోకాన్ని రెండుగా చీలుస్తోంది. ఆ యంత్రావయవాలు తయారుచేసే సరీఫ్ ఇండస్ట్రీస్ భద్రతాధికారి ఆడమ్ జెన్సన్ ఒక దాడిలో చావు అంచుదాకా వెళ్లి, తన అనుమతి లేకుండానే యంత్రాల చేతులతో, యంత్రాల కళ్లతో తిరిగి లేస్తాడు. ఆగ్మెంటేషన్ చేయించుకున్నవారి శరీరం ఆ యంత్రాలను తిరస్కరించకుండా ఉండాలంటే న్యూరోపోజీన్ అనే మందు బతికినంతకాలం వాడాలి, దాన్ని కొనలేనివారి గతి ఏమిటో ఆటలోని వీధుల్లో నడుస్తుంటే కనిపిస్తుంది. యంత్రాల చెయ్యి ఎంత బలమైనదో చూపి ఊరుకోకుండా ఆ చెయ్యి అప్పు మీద వచ్చిందని కూడా చూపించడం వల్లనే ఈ ప్రపంచం నాకు నిజమనిపించింది.

ఇక దొంగచాటుగా మెలగడం. ఆట ప్రధానంగా మన కళ్లతోనే చూపిస్తుంది, గోడకు ఆనుకున్న క్షణంలో మాత్రం కెమెరా వెనక్కి జరిగి జెన్సన్ మొత్తంగా కనబడతాడు. మొదటి డేయస్ ఎక్స్‌తో పెరిగిన ఆటగాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు: మూల దాటకుండానే మూల అవతల చూడగలగడం దొంగాటకు అన్యాయమని వారి వాదన. ఆ వాదనలో పస ఉంది, కానీ కాపలావాళ్ల నడకలను లెక్కవేసి, ఒక మాటు నుంచి మరో మాటుకు దొర్లుతూ, బరువైన యంత్రాన్ని పక్కకు జరిపి దాని వెనక దాగిన గాలిగొట్టంలోకి దూరినప్పుడు కలిగే తృప్తి ఆ లోటును నా వరకు పూర్తిగా తీర్చింది. స్థలాల అమరికలో అంత శ్రద్ధ ఉంది. గోడ బద్దలుకొట్టే బలం ఉన్నవాడికి ఒక దారి, ఎత్తు నుంచి దెబ్బ తగలకుండా దిగగలిగే ఇకారస్ పరికరం ఉన్నవాడికి మరో దారి, ఏమీ లేక ఓపిక మాత్రమే ఉన్నవాడికి ఇంకో దారి. షాంఘై దగ్గర రెండంతస్తుల నగరంగా ఊహించిన హెంగ్షాలో ఈ నేర్పు శిఖరానికి చేరుతుంది.

ఇంత స్వేచ్ఛ ఇచ్చిన ఆటే లెక్కల దగ్గర మాత్రం పక్షపాతం చూపుతుంది. ఎవరి కంటా పడకుండా ఒక లక్ష్యం పూర్తిచేస్తే 500 పాయింట్లు, అలారం మోగకుండా ముగిస్తే మరో 250, చంపకుండా స్పృహ తప్పిస్తే చంపినదానికంటే ఎక్కువ. 5000 పాయింట్లకు ఒక ప్రాక్సిస్ వస్తుంది, దానితోనే కొత్త శక్తులు. ఎదురుగా యుద్ధానికి దిగేవాడు ఇలా నెమ్మదిగా వెనకబడిపోతాడు. దీనికంటే నన్ను బాధపెట్టింది హ్యాకింగ్ విషయం. ఎవరి ఈమెయిల్‌లోనో, సొరుగులోని చిన్న కంప్యూటర్‌లోనో వెదికి తలుపు సంకేతం కనిపెడితే దానికి ప్రతిఫలం ఏమీ లేదు, అదే తలుపును హ్యాక్ చేస్తే పాయింట్లు వస్తాయి. అందువల్ల సంకేతం చేతిలో ఉండి కూడా ఆటగాళ్లు హ్యాక్ చేస్తూ కూర్చుంటారు, నేనూ అలాగే కూర్చున్నాను. పరిశోధించిన శ్రమను గౌరవించవలసిన ఆట ఆ శ్రమను తానే వృథా చేయడం చిన్న పొరపాటు కాదు. ఒక మనిషిని చేతులతో పడగొట్టిన ప్రతిసారీ జెన్సన్ యంత్రాలను నడిపే బ్యాటరీలో ఒక గడి ఖర్చు కావడం, మొదట విడుదలైన రూపంలో తనంతట తాను తిరిగి నిండేది ఒక్క గడి మాత్రమే కావడం కూడా ఇలాంటిదే: బ్యాటరీ నిండాలంటే మూలన నిలబడి వేచి ఉండడమో, జేబులోని తినుబండారాలు నమలడమో తప్ప గత్యంతరం ఉండదు.

విడుదలైన నాటి నుంచి నేటి దాకా ఆటగాళ్లందరూ ఏకమయ్యే ఫిర్యాదు బాస్ ఫైట్ల గురించి, అంటే తప్పక ఎదుర్కోవలసిన ప్రధాన శత్రువులతో పోరాటాల గురించి. వాటి తయారీని మరో సంస్థకు అప్పగించారు, ఆ తేడా కొట్టొచ్చినట్లు తెలుస్తుంది. హ్యాకింగ్‌కూ మాటకారితనానికీ పాయింట్లన్నీ ఖర్చుపెట్టి, మత్తు తుపాకీ ఒక్కటి పట్టుకుని వచ్చినవాడిని తలుపు మూసిన గదిలో, చేతికి మెషిన్‌గన్ మొలిచిన బారెట్ ముందు నిలబెడతారు. అంతవరకు ఒక్కరినీ చంపని ఆటగాడు అక్కడ చంపి తీరాలి. 2013లో ఆటను సవరించి విడుదల చేసిన డైరెక్టర్స్ కట్ ఆ గదులను పెంచి, గాలిగొట్టాలూ, హ్యాక్ చేసి శత్రువు మీదికి తిప్పదగిన యంత్రాలూ చేర్చింది. ప్రత్యర్థి చివరికి చావక తప్పదు గాని, మనం ఎంచుకున్న నైపుణ్యం ఇప్పుడు అక్కరకు వస్తుంది.

కథ పరంగా నన్ను కదిలించిన చోటు ఒకటి చెప్పాలి. ఆడాలనుకునేవారు ఈ పేరా దాటవేయవచ్చు. హెంగ్షాకు రెండోసారి వెళ్లినప్పుడు పైలట్ ఫరీదా మాలిక్ నడిపే విమానాన్ని కూల్చేస్తారు. నువ్వు వెళ్లిపో అంటుంది ఆమె. వెళ్లిపోతే ఆట ఆగదు, తప్పని కూడా అనదు. ఆగితే క్షణాల మీద సైనికుల్నీ, ఒక పెద్ద రోబోనూ ఎదుర్కోవాలి. ఎవరినీ చంపకుండా ఆమెను బతికించడం ఆటలోకెల్లా కష్టమైన పని, అది సాధించడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. అలాగే మధ్యలో ఆగ్మెంటేషన్లు మొరాయించి, కొత్త బయోచిప్ వేయించుకోమని క్లినిక్‌కు పిలిచినప్పుడు తీసుకునే నిర్ణయం ఎంతో తర్వాత, అతి ముఖ్యమైన పోరులో ఎదురై నిలుస్తుంది. ఇంత ఓపికగా కారణానికి ఫలితాన్ని ముడివేసిన రచయితలు చివరి గదిలో మాత్రం కొన్ని మీటలు పెట్టి ఏదో ఒకటి నొక్కమన్నారు. ఎలా ఆడినా చేరేది ఆ మీటల దగ్గరికేనన్న ఆటగాళ్ల నిరాశ పూర్తిగా న్యాయమైనది.

ఆట అంతటా పరుచుకున్న బంగారు పసుపు రంగు గురించి అభిప్రాయాలు ఇప్పటికీ రెండుగానే ఉన్నాయి. నలుపు, బంగారు వన్నెల కలయిక ఈ ఆటకు ముఖవర్చస్సు అని నా భావన, డైరెక్టర్స్ కట్‌లో అది పలచబడినందుకు కొంత వెలితి అనిపించింది. మైకేల్ మెక్‌కాన్ సంగీతం, జెన్సన్‌కు ఇలియాస్ టూఫెక్సిస్ ఇచ్చిన గరుకైన గొంతు మాత్రం ఎవరూ కాదనలేనివి.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు డైరెక్టర్స్ కట్‌నే తీసుకోండి, ఆనాడు విడిగా అమ్మిన మిస్సింగ్ లింక్ అధ్యాయం కూడా అందులో కథాక్రమంలోనే ఉంటుంది. సెట్టింగుల్లో వస్తువుల చుట్టూ మెరిసే గీతను ఆపేయండి, గదిని మీ కళ్లతో వెదకడం మొదలవుతుంది. ప్రాక్సిస్‌లో కొన్నింటిని ఎదుటివారి మనసు చదివే సోషల్ ఎన్‌హాన్సర్‌కు కేటాయించండి. మొదటి మిషన్‌కు సరీఫ్ విమానం వేచి ఉన్నప్పుడు మాత్రం ఆఫీసు గదులన్నీ తిరుగుతూ జాప్యం చేయకండి, అవతల ఫ్యాక్టరీలో బందీలున్నారు, మీరు ఆలస్యం చేస్తే వారు నిజంగానే చనిపోతారు.