మాకుట్ట అడవిలో చీమల సత్రాలు

"చీమ చెట్టుకు కాపలా కాస్తుంది, చెట్టు చీమకు కూడు పెడుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసే గైడు మాట సగమే నమ్మండి. మిగతా సగం మొగ్గల దగ్గర కనబడుతుంది, అక్కడ మాత్రం ఎవరూ ఆగనివ్వరు.

మాకుట్టకు తీసుకెళ్లేది కర్ణాటకలోని విరాజ్‌పేట నుంచి కేరళలోని ఇరిట్టి వైపు దిగే ఘాట్ రోడ్డు, దాని గురించి చెప్పేదేం లేదు: మలుపులు, పచ్చదనం. అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. లోపల ఆకాశాన్నంటే మానులను వదిలేసి, వాటి నీడలో పెరిగే హంబోల్టియా బ్రూనోనిస్ అనే చిన్న చెట్టును వెతకండి, గైడు చెప్పే చెట్టు ఇదే. చిక్కుడు కుటుంబానిది, పశ్చిమ కనుమల సొంతం.

కణుపుల మధ్య ఉబ్బి డొల్లగా ఉన్న కొమ్మ ముక్కలే చీమల గదులు. చీమ తొలవక్కర్లేదు, సన్నని చీలిక దానంతటదే తెరుచుకుంటుంది. లేత ఆకుల మీదా మొగ్గల మీదా తేనె గ్రంథులు. సత్రం భోజనం, మఠం నిద్ర! అయితే అన్ని చెట్లకూ గదులుండవు. మొదటిది బోసిగా ఉందని వెనుదిరక్కండి.

అసలు తేడా అతిథుల్లో ఉంది. టెక్నోమిర్మెక్స్ ఆల్బిపెస్ అనే తెల్లపాదాల చీమ లేత ఆకులు మేసే పురుగులను తరిమేస్తుంది, తిన్న తిండికి పని చేస్తుంది. క్రెమటోగాస్టర్ డోర్నీ అనే ఇంకో చీమ మాత్రం తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. గదిలో కాపురముంటూనే పూలను నాశనం చేస్తుంది. పూతకూ కాయకూ పోవాల్సిన సత్తువ కొమ్మలకు మళ్లితే చీమలకు కొత్త గదులు, చెట్టుకు విత్తనం సున్నా. గుర్తుపట్టడం తేలిక: బెదిరితే హృదయాకారపు పొట్టను వీపు మీదికెత్తుతుంది. పూగుత్తి పాడై ఉంటే పక్క గదుల్లో ముందు దీన్నే అనుమానించండి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న టార్చి చాలు. చీలికలోంచి చూడండి, గదిని మాత్రం చీల్చకండి; చీలిస్తే గూడు పోయినట్టే. జలగలు పట్టకుండా వేసుకునే మేజోళ్లు తప్పనిసరి, లేకపోతే వెంట వచ్చినవాళ్లు అరగంటకే "ఇక పోదాం" అంటారు.

వాళ్లను ఆపాలంటే ఇంకో రెండు గదులు చూపించండి. ఒకదాంట్లో బ్రౌన్‌సాపిస్ అనే బుల్లి తేనెటీగ గూడు కట్టి ఉండొచ్చు, ఈ చెట్టు పూలకు పరాగం ఎక్కువగా మోసేది అదే. ఇంకోదాంట్లో, నేల మీద కాదు, కొమ్మలోనే, వానపాము!