ఎన్‌సీసీ దారా, సీడీఎస్ దారా?

డిగ్రీ చదువుతూ ఆర్మీ ఆఫీసర్ అవ్వాలనుకునేవాళ్ళకి ముందున్నవి ప్రధానంగా రెండు దారులు.

మొదటిది ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. కాలేజీలో చేరగానే ఎన్‌సీసీలో పేరిచ్చి, మూడేళ్ళు పరేడ్లు, క్యాంపులు చేసి 'సి' సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అందులో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు కావాలి. ఇక్కడ యూపీఎస్సీ రాతపరీక్ష లేదు. దరఖాస్తు షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లని ఎంపిక చేసే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకే. కానీ మొదటి ఏడాది బద్ధకిస్తే ఈ తలుపు దాదాపు మూసుకున్నట్టే.

రెండోది సీడీఎస్, అంటే ఆఫీసర్ల ఎంపికకి యూపీఎస్సీ పెట్టే రాతపరీక్ష. దీనికి అంత ముందుచూపు అక్కర్లేదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, చివరి ఏడాది విద్యార్థులూ రాయొచ్చు. ఇంగ్లిష్, జీకే, డెహ్రాడూన్ మిలటరీ అకాడమీ (ఐఎంఏ) కోరుకుంటే లెక్కలు కూడా. అసలు తేడా ఇక్కడే: ఐఎంఏ నుంచి వస్తే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఆఫీసర్ ఉద్యోగం. ఎన్‌సీసీ ఎంట్రీలో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో 49 వారాల శిక్షణ, ఆపై షార్ట్ సర్వీస్, అంటే మొదట పదేళ్ళు.

ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ మాత్రం ఇద్దరికీ తప్పదు. అక్కడ క్యాంపుల్లో నలిగినవాడికి గ్రూప్ టాస్కులు కాస్త తేలికనిపిస్తాయి. అందుకే, ఫస్టియర్‌లో ఉంటే ఎన్‌సీసీలో చేరి, సీడీఎస్ కూడా రాయమంటాను.