కడప బండల ఇంట్లో పాకే పాప: పసిపిల్లల రక్షణ కిట్టు ఎంతవరకు పనికొచ్చింది?

మా అమ్మాయి 9 నెలల బిడ్డతో వేసవికి కడప వచ్చి రెండున్నర నెలలు ఉంటానన్నప్పుడు, ఊళ్లోనే ఒక దుకాణంలో పసిపిల్లల రక్షణ కిట్టు కొన్నాను. తలుపుకు బిగించే గేటు, అంచులకు అంటించే స్పాంజి పట్టీలు, మూలల తొడుగులు, సాకెట్లలో గుచ్చే ప్లాస్టిక్ మూతలు, అల్మారాలకు అంటించే గొళ్లేలు, అన్నీ కలిపి 3,450 రూపాయలయ్యాయి. ఆ డబ్బులో గేటుకు పెట్టినది దండగ కాలేదు. మిగతా వాటి గురించి అంత ధీమాగా చెప్పలేను.

తిరుమలకు తొలి గడప అని పేరున్న ఊరు కదా, మా ఇంట్లోనూ గేటుకు మొదట అడ్డం వచ్చింది గడపే. ఇది గోడకు రంధ్రాలు వేయనవసరం లేకుండా, రబ్బరు గుబ్బలున్న నాలుగు మరలను తిప్పుతూ రెండు వైపులా అదిమి నిలబెట్టే రకం. దీని అడుగున ఒక ఇనుప పట్టీ ఉంటుంది. గేటు తెరిచినా ఆ పట్టీ కదలదు. మూడంగుళాల వంటింటి గడప మీద దాన్ని నిలబెట్టేసరికి దాటవలసిన ఎత్తు ఇంకా పెరిగి, అన్నం గిన్నెతో వస్తున్న నా భార్య మొదటి రోజే రెండుసార్లు తట్టుకుంది. చివరికి ద్వారబంధాన్ని వదిలి, గడపకు లోపలి వైపున గోడ మందంలో బిగించాం. పాత సున్నం గోడలో గుబ్బలు దిగబడకుండా వాటి వెనుక చిన్న చెక్క ముక్కలు పెట్టవలసి వచ్చింది. వారానికొకసారి మరలు బిగిస్తూ ఉంటే గేటు కదలలేదు. ఊచలు నిలువుగా ఉన్నందున పాప కాలు పెట్టి ఎక్కలేకపోయింది. కుక్కరు దించేటప్పుడు, నూనె కాగుతున్నప్పుడు బిడ్డ కాళ్ల దగ్గర లేదన్న నిశ్చింత కోసమే ఈ గేటు కొనవచ్చు.

మిద్దె మెట్ల పైన మాత్రం దీన్ని పెట్టకూడదు. దుకాణంలో అబ్బాయి "ఎక్కడైనా పెట్టుకోవచ్చు సార్" అన్నాడు గానీ, పెట్టెలోని కాగితమే వద్దని చెబుతోంది. మర కాస్త వదులైతే బిడ్డ తోపుకు గేటు బిడ్డతో సహా కిందికి పోతుంది. పెద్దవాళ్లు అడుగు పట్టీ తట్టుకున్నా పడేది మెట్ల మీదికే. అందుకని వెల్డింగు షాపులో కొలతకు ఇనుప గేటు చేయించాను. రెండున్నర అడుగుల ఎత్తు, రెండంగుళాల ఎడంతో నిలువు ఊచలు, మధ్యలో అడ్డ కమ్మీ లేకుండా, కీళ్లు గోడలోకి దింపి, మెట్ల వైపు కాకుండా ఇంటి వైపు మాత్రమే తెరుచుకునేలా పెట్టించాను. 1,900 రూపాయలు తీసుకున్నాడు. కొన్న గేటు కంటే ఇదే గట్టిది.

అంచుల పట్టీలు నన్ను బాగా నిరాశపరిచాయి. మా ఇల్లు 1994లో కట్టించినది. నేల, గూళ్లు, వంటింటి అరుగు అన్నీ కడప బండలే. హాల్లో గూటి బండ అంచు సరిగ్గా నిలబడిన పాప నుదుటి ఎత్తులో ఉంటుంది. నున్నని బండ మీద జిగురు పట్టీ మొదట బాగానే అంటుకుంది. ఏప్రిల్ ఎండలకు గోడలు వేడెక్కాక మూడు వారాల్లోనే ఒక్కో కొస లేవడం మొదలైంది. ఒకనాడు స్పాంజి ముక్క పాప నోట్లో కనబడింది. దెబ్బ తగలకుండా పెట్టిన వస్తువే గొంతుకు అడ్డం పడేదన్నమాట. పట్టీలన్నీ పీకేసి, అమ్మాయి బిడ్డను తీసుకుని ప్రొద్దుటూరు వెళ్లిన రెండు రోజుల్లో బండలు కోసే అతన్ని పిలిపించి, అంచులను మిషనుతో గుండ్రంగా నూరించాను. ఇల్లంతా దుమ్ము కొట్టుకుపోయింది గానీ, ఇల్లు కట్టినప్పుడే చేయించవలసిన పని అది.

సాకెట్ మూతలను వాడకపోవడమే మేలు. మన మూడు రంధ్రాల సాకెట్లలో చాలావాటికి లోపల తెర ఉంటుంది. పైనున్న ఎర్త్ రంధ్రంలోకి పిన్ను దిగినప్పుడే కింది రెండూ తెరుచుకుంటాయి. మూతకున్న ప్లాస్టిక్ పిన్ను కూడా ఆ తెరను తెరిచే ఉంచుతుంది. పైగా మూత చిన్నది, పాప లాగితే ఊడి వస్తుంది, నోట్లోకి పోతుంది. తెర లేని పాత సాకెట్లు మార్పించి, మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించుకున్నాం.

గొళ్లేలు చెక్క తలుపులకు బాగానే పనిచేశాయి. ఒకటి దేవుడి గూటికి పెట్టాం. కర్పూరం బిళ్లను చిన్న పిల్లలు మింగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రెండోది నా బీపీ మాత్రల అరకు. అవి అప్పటిదాకా చేతికందే ఎత్తులోనే ఉండేవి, తప్పు నాదే.

ఇక కిట్టులో లేనివి. బీరువా వాలకుండా గోడకు బిగించే క్లాంపులు లేవు. వాటిని విడిగా హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకున్నాం. నీళ్ల విషయంలో కిట్టు ఏ సాయమూ చేయదు. నీళ్లు వచ్చినప్పుడే పట్టి పెట్టుకునే మా ఇళ్లలో స్నానాల గదిలో బకెట్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. పాకే పిల్లలకు శరీరంతో పోలిస్తే తల బరువు ఎక్కువ కాబట్టి, బకెట్‌లోకి తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు. రెండు మూడు అంగుళాల నీళ్లు చాలు. ఆ గది తలుపుకు పెద్దవాళ్ల చేతి ఎత్తులో బయట గడియ పెట్టించి, ఖాళీ బకెట్లు బోర్లిస్తున్నాం, డ్రమ్ముకు బిగుతు మూత వేస్తున్నాం.

ఇదే కిట్టు చూస్తున్నవారు గేటును మాత్రం విడిగా అడగండి, చాలా దుకాణాల్లో దొరుకుతుంది. వెళ్లేముందు ద్వారం వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలుచుకోండి. మా వంటింటి ద్వారం కింద కంటే పైన ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువగా ఉందని గేటు ఇంటికి తెచ్చాకే తెలిసింది.